హైదరాబాద్ పాతబస్తీ, గోల్కొండ: రెండు రోజుల్లో సరైన వరుసలో చూడటం ఎలా?

పాతబస్తీకి వెళ్లివచ్చినవారి నుంచి సాధారణంగా రెండు ఫిర్యాదులు వినిపిస్తాయి. చార్మినార్ దగ్గర గంటసేపు నిలబడి, నాలుగు డజన్ల గాజులు కొని, తోపులాటకు విసిగి వెనక్కి వచ్చేశామన్నది మొదటిది. రోజంతా తిరిగినా వెళ్లిన చోటల్లా తలుపులు మూసే వేళకే చేరామన్నది రెండోది. రెండింటికీ మూలం ఒకటే. చూడవలసిన స్థలాల జాబితా చేతిలో ఉంటుంది గానీ, ఏ వేళకు ఎక్కడ ఉండాలన్న లెక్క ఉండదు.

ఇక్కడి కట్టడాలు, మ్యూజియాలు ఉదయం తొమ్మిది, పది గంటలకు తెరిచి సాయంత్రం అయిదు, అయిదున్నరకల్లా మూతపడతాయి. బజార్లు పదకొండు దాటితే గానీ పుంజుకోవు, తరువాత రాత్రి దాకా సాగుతాయి. వీధులు ఖాళీగా ఉండేది తొమ్మిదికి ముందు మాత్రమే. ఈ మూడు వేళలనూ సర్దుకుంటూ నడక వేసుకుంటే రెండు రోజులు హాయిగా సరిపోతాయి. ఊరి బయటినుంచి వచ్చేవారికే కాదు, కూకట్‌పల్లిలోనో కొత్తపేటలోనో ఏళ్లుగా ఉంటూ, చుట్టాలు వచ్చినప్పుడు తప్ప మూసీ దాటని వారికి కూడా ఈ వరుస పనికివస్తుంది.

1. ముందుగా రోజును నిర్ణయించుకోండి

ప్రయాణం తేదీ ఖాయం చేసుకునే ముందు వారం చూసుకోవాలి. సాలార్‌జంగ్ మ్యూజియానికీ, చౌమహల్లా ప్యాలెస్‌కూ, పురానీ హవేలీలోని నిజాం మ్యూజియానికీ శుక్రవారం సెలవు. అదే రోజు మధ్యాహ్నం మక్కా మసీదులో జుమ్మా నమాజు ఉంటుంది కనుక చార్మినార్ చుట్టుపక్కల పోలీసు బందోబస్తు, రాకపోకల ఆంక్షలు సహజం. కాబట్టి పాతబస్తీకి శుక్రవారం వద్దు. తప్పనిసరిగా శుక్రవారమే చేతిలో ఉంటే, ఆ రోజును గోల్కొండ కోటకు కేటాయించి, పాతబస్తీని మరుసటి రోజుకు జరపండి.

ఆదివారం అన్నీ తెరిచే ఉంటాయి గానీ, నగరంలో సగం మంది అక్కడే ఉన్నట్టనిపిస్తుంది. నా లెక్కలో మంగళ, బుధ, గురువారాలు అన్నిటికన్నా మేలు.

నెలల విషయానికి వస్తే అక్టోబరు నుంచి ఫిబ్రవరి దాకా నడకకు అనువైన కాలం. ఏప్రిల్, మే నెలల్లో ఎండ నలభై డిగ్రీలు దాటుతుంది. మధ్యాహ్నం గోల్కొండ బండల మీద నిలబడటం సాధ్యం కాదు. వానాకాలంలో కోట మెట్లు జారతాయి, పాత వీధుల్లో నీళ్లు నిలుస్తాయి.

పండుగల రోజులను విడిగా చూసుకోవాలి:

- రంజాన్ నెలలో పగటిపూట చాలా హోటళ్లు మూసి ఉంటాయి. బజారు రాత్రి మేలుకుంటుంది. హలీం కోసం, రాత్రి సందడి కోసం వెళ్లేవారు సాయంత్రం నుంచే మొదలుపెట్టాలి. కట్టడాలు చూడాలనుకునేవారికి ఈ నెల అనుకూలం కాదు.
- మొహర్రం పదో రోజున దబీర్‌పురా నుంచి చాదర్‌ఘాట్ దాకా బీబీ కా ఆలం అనే పవిత్ర ధ్వజం ఊరేగింపు సాగుతుంది. ఆ దారులన్నీ మళ్లిస్తారు.
- వినాయక నిమజ్జనం రోజున బాలాపూర్ నుంచి వచ్చే ప్రధాన శోభాయాత్ర చార్మినార్ మీదుగానే వెళుతుంది.
- ఆషాఢంలో బోనాలు గోల్కొండ కోటలోని జగదాంబ ఆలయం దగ్గరే మొదలవుతాయి. పండుగ చూడాలంటే తప్పక వెళ్లవలసిన సమయమిది, కోటను తాపీగా చూడాలంటే తప్పించుకోవలసిన సమయం కూడా ఇదే.

2. బస ఎక్కడ, రావడం ఎలా?

పాతబస్తీలో కారు వేసుకుని తిరగాలనుకోవడం మొదటి పొరపాటు. చార్మినార్ చుట్టూ వాహనాలకు అనుమతి లేని పాదచారుల ప్రాంతం ఉంది. దానికి బయట బండి పెట్టడానికి చోటు దొరకడమే గగనం. కారును మెట్రో స్టేషన్ దగ్గరో, బస దగ్గరో వదిలివేయండి.

ఆంధ్ర, తెలంగాణ జిల్లాల నుంచి ఆర్టీసీ బస్సులో వచ్చేవారికి మహాత్మాగాంధీ బస్ స్టేషనే (ఎంజీబీఎస్) గమ్యం. అక్కడినుంచి మూసీ మీది నయాపూల్ వంతెన కిలోమీటరు దూరంలోపే. మెట్రోలో వచ్చేవారు కూడా ఎంజీబీఎస్ స్టేషన్‌లోనే దిగాలి. మియాపూర్–ఎల్బీనగర్ ఎర్ర మార్గం, జూబ్లీ బస్ స్టేషన్ (జేబీఎస్) నుంచి వచ్చే ఆకుపచ్చ మార్గం రెండూ అక్కడ కలుస్తాయి. హైటెక్ సిటీ వైపు నుంచి వచ్చేవారు నీలి మార్గంలో అమీర్‌పేట దాకా వచ్చి, అక్కడ ఎర్ర మార్గానికి మారితే చాలు.

బసకు నాంపల్లి, ఆబిడ్స్, లక్డీకాపూల్ ప్రాంతాలు అనుకూలం. ఇక్కడినుంచి ఒకవైపు చార్మినార్, మరొకవైపు మెహదీపట్నం మీదుగా గోల్కొండ దాదాపు సమాన శ్రమతో అందుతాయి. గచ్చిబౌలిలో హోటల్ తీసుకుని పాతబస్తీని పొద్దున్నే అందుకోవాలంటే మాత్రం తెల్లవారకముందే లేవాలి.

3. బయలుదేరే ముందు సరిచూసుకోవలసినవి

- సులువుగా విప్పి వేసుకోగల చెప్పులు లేదా బూట్లు. మసీదులోనూ, మొహర్రం సంతాప మందిరమైన ఆషుర్ఖానాలోనూ విప్పవలసి ఉంటుంది. గోల్కొండ రోజుకు మాత్రం పట్టు ఉన్న అరికాలి బూట్లే వేసుకోవాలి.
- భుజాలు, మోకాళ్లు కప్పే దుస్తులు. మహిళలకు తలపై వేసుకోవడానికి వీలైన చున్నీ. నిక్కర్లతో వచ్చినవారిని మసీదు గేటు దగ్గరే ఆపేస్తారు.
- చిన్న సంచి ఒక్కటే. పెద్ద బ్యాగులను సాలార్‌జంగ్ మ్యూజియంలో బయట అప్పగించాలి, మక్కా మసీదు దగ్గర తనిఖీ చేస్తారు.
- నీళ్ల సీసా, టోపీ లేదా గొడుగు.
- ఫోన్‌లో చెల్లింపు సదుపాయంతో పాటు చిల్లర నోట్లు. చిన్న బండ్లు, ఆటోలు, చెప్పులు చూసుకునేవారికి చిల్లర కావాలి.
- పురావస్తు శాఖ టికెట్లను ఆన్‌లైన్‌లో ముందే తీసుకోవచ్చు. చార్మినార్, గోల్కొండ రెండూ కేంద్ర పురావస్తు శాఖవే. 15 ఏళ్ల లోపు పిల్లలకు అక్కడ టికెట్ అక్కర్లేదు, వయసు చూపే కార్డు ఉంటే వాదన ఉండదు.
- గుర్తింపు కార్డు.

4. మొదటి రోజు ఉదయం: నయాపూల్ నుంచి చార్మినార్ దాకా నడక

సమయం: ఉదయం ఏడున్నర నుంచి తొమ్మిది. దూరం: కిలోమీటరున్నర లోపే.

ఆటోలో నేరుగా చార్మినార్ ముందు దిగితే ఈ నడక పోతుంది, ఇది పోతే పాతబస్తీలో మంచి భాగం పోయినట్టే. నయాపూల్ మీద మొదలుపెట్టండి. వంతెన మీదినుంచి మూసీకి ఉత్తరపు ఒడ్డున ఉస్మానియా ఆసుపత్రి, దక్షిణపు ఒడ్డున హైకోర్టు గుమ్మటాలు కనిపిస్తాయి. 1908 సెప్టెంబరు వరదలో ఈ ఒడ్లు రెండూ కొట్టుకుపోయాయి. మీరు ఇప్పుడు చూస్తున్న పెద్ద భవనాలు, ముందు నడవబోయే పత్తర్‌గట్టీ ఆ తరువాతి పునర్నిర్మాణంలోవే. హైకోర్టును దూరంనుంచి చూసి సాగిపోండి. గేట్ల దగ్గర ఫొటోలు తీయబోవద్దు.

మదీనా కూడలి దగ్గర ఒకసారి పక్కకు మళ్లి బాద్షాహీ ఆషుర్ఖానా ఎక్కడో అడగండి. 1590లలో కట్టిన ఈ సంతాప మందిరం గోడల మీది రంగురంగుల పింగాణీ పలకల పనిని చాలామంది హైదరాబాదీలు కూడా చూసి ఉండరు. ఇది దర్శనీయ స్థలం కన్నా ముందు ప్రార్థనా స్థలం. గేటు దగ్గర అనుమతి అడిగి, చెప్పులు విప్పి, తగ్గు స్వరంతో లోపలికి వెళ్లాలి. మొహర్రం మొదటి పది రోజుల్లో చూడటానికి కాక, కార్యక్రమంలో గౌరవంగా నిలబడటానికి సిద్ధమైతేనే వెళ్లండి.

అక్కడినుంచి పత్తర్‌గట్టీ. రోడ్డుకు రెండు వైపులా నల్లరాతి కమానుల వరుస, వాటి కింద బట్టల, ముత్యాల దుకాణాలు. దుకాణాలు తెరిచాక బోర్డులు, వేలాడదీసిన బట్టలు కమానులను కప్పేస్తాయి. షట్టర్లు మూసి ఉన్న ఈ వేళలోనే రాతి వరుస మొదటినుంచి చివరిదాకా ఒక్క కట్టడంలా కనిపిస్తుంది. కాబట్టి ఫొటోలు ఇప్పుడే తీసుకోండి, ముత్యాలు సాయంత్రం కొనుక్కోండి.

మచ్లీ కమాన్ కింద నుంచి దాటగానే గుల్జార్ హౌజ్ వస్తుంది. ఫౌంటెన్ పక్కన నిలబడి చుట్టూ తిరిగి చూడండి. మీరు వచ్చిన ఉత్తరం వైపు మచ్లీ కమాన్, దక్షిణాన చార్మినార్ కమాన్, తూర్పున కాలీ కమాన్, పడమట షేర్-ఎ-బాతిల్ కమాన్. ఈ నాలుగూ కలిసినదే చార్ కమాన్. ఉదయపు నాష్తాకు ఇదే సరైన చోటు. బండ్ల మీద వెన్న దోశలు, పొడి చల్లిన తవా ఇడ్లీలు దొరుకుతాయి. శాకాహారులకు పాతబస్తీలో భోజనం దొరకదన్న భయం ఇక్కడే తీరిపోతుంది. తొమ్మిదిన్నర దాటితే బండ్లు సర్దుకోవడం మొదలవుతుంది.

ఓపిక ఉన్నవారు కాలీ కమాన్ లోంచి తూర్పుకు నడిచి మీర్ ఆలం మండీ కూరగాయల బజారును ఒక చుట్టు చుట్టి రావచ్చు. పొద్దున పూట మాత్రమే దానికి అర్థం ఉంది.

5. చార్మినార్ మీదికి, ఆ వెంటనే మక్కా మసీదులోకి

తొమ్మిదికి గేటు తెరిచే వేళకు క్యూలో ఉండండి. పైకి వెళ్లే మురి మెట్లు ఇరుకు, ఎత్తు. ఎక్కేవారు, దిగేవారు ఒకరికొకరు అడ్డం పడే చోట తరువాతి గంటల్లో చాలా ఆలస్యమవుతుంది. సందర్శకులను మొదటి అంతస్తు దాకానే అనుమతిస్తారు. మోకాళ్ల నొప్పులు, ఊపిరాడని ఇబ్బంది, ఇరుకు చోట్ల భయం ఉన్నవారు కిందే ఉండిపోవడం మంచిది. 1591 నాటి ఈ కట్టడాన్ని కిందినుంచి చూసినా నష్టం లేదు.

పైకి వెళ్లినవారు సెల్ఫీలకు ముందు ఒక పని చేయాలి. నాలుగు వైపులా తిరిగి, ఆ రోజు నడవబోయే దారిని కళ్లతో గుర్తుపెట్టుకోవాలి. ఉత్తరాన మీరు వచ్చిన చార్ కమాన్. పడమట లాడ్ బజార్. నైరుతిలో మక్కా మసీదు ప్రాంగణం. దక్షిణాన శాలిబండ వైపు రోడ్డు. ఈ దిక్కులు తలకెక్కితే తరువాత ఫోన్‌లో పటం చూస్తూ ఎవరికో తగలవలసిన అవసరం ఉండదు.

దిగగానే మక్కా మసీదుకు వెళ్లండి. ఉదయం పది గంటల ప్రాంతం నమాజుల మధ్య ఖాళీ సమయం. 1617లో మొదలై, కుతుబ్‌షాహీల పాలన ముగిశాక 1694లో ఔరంగజేబు కాలంలో పూర్తయిన మసీదు ఇది. ప్రాంగణంలో ఎడమవైపు కమానుల మండపంలో అసఫ్‌జాహీ నిజాములలో పలువురి సమాధులు ఉన్నాయి. చివరి నిజాం సమాధి మాత్రం ఇక్కడ లేదు. అది కింగ్ కోఠీ ఎదుటి జూదీ మసీదులో ఉంది. గైడ్లు కొందరు తడబడి చెప్పే విషయం కనుక ముందే తెలిసి ఉండటం మంచిది.

లోపల పాటించవలసినవి:

- చెప్పులు బయట వదలాలి. వాటిని చూసుకునేవారికి ఇచ్చే మొత్తం ముందే అడిగి తెలుసుకోండి.
- నమాజు చేసుకుంటున్న వారి ముందునుంచి నడవకూడదు, వారి ఫొటోలు తీయకూడదు.
- ప్రధాన ప్రార్థన మందిరంలోకి వెళ్లవచ్చో లేదో అక్కడి సిబ్బందిని అడిగాకే అడుగు వేయాలి, ముఖ్యంగా మహిళలు.
- పావురాలకు గింజలు వేస్తూ పిల్లలు పరుగులు తీస్తుంటే వద్దనేవారు ఉండరు గానీ, మెట్ల దగ్గర కనిపెట్టి ఉండాలి.

6. చౌమహల్లా ప్యాలెస్: పదకొండుకు ప్రవేశం, రెండు గంటలు

మక్కా మసీదునుంచి చౌమహల్లాకు పది నిమిషాల నడక. ఇది పదికి తెరిచి అయిదుకు మూస్తుంది. చాలామంది దీన్ని సాయంత్రానికి వదిలి, నాలుగున్నరకు చేరి, దర్బారు హాలు మాత్రం చూసి బయటపడతారు. ఎండ ముదిరే వేళలో నీడ, కూర్చునే చోటు, శౌచాలయాలు అన్నీ ఒకే ఆవరణలో ఉన్న ఈ ప్యాలెస్‌ను మధ్యాహ్నానికి ముందు పెట్టుకోవడంలోనే తెలివి ఉంది. మెట్లు తక్కువ కనుక పెద్దవారికి కూడా ఇది అనుకూలం.

ముందు ఖిల్వత్ ముబారక్‌లోని దర్బారు హాలు, అక్కడి బెల్జియం గాజు షాండిలియర్లు. తరువాత పక్క గదుల్లోని ఆయుధాలు, దుస్తులు, పాత ఫొటోలు. ఆ పైన నీటి తొట్టి చుట్టూ ఎదురెదురుగా ఉన్న నాలుగు మహళ్లు: అఫ్జల్, మహతాబ్, తహ్నియత్, ఆఫ్తాబ్. చివరగా 1912 నాటి పసుపు రంగు రోల్స్ రాయిస్ ఉన్న కార్ల విభాగం. పిల్లలు ఉంటే ఈ వరుసను తిరగేయండి; కార్లు చూశాక వారు మిగిలినవాటికి ఓపిక పడతారు. కెమెరాకు వేరే రుసుము ఉందేమో టికెట్ దగ్గరే అడగండి, లోపలికి వెళ్లాక వెనక్కి పంపితే సమయం వృథా.

7. భోజనం, విరామం

ఒంటిగంటన్నర నుంచి మూడు దాకా నడక ఆపేయండి. మాంసాహారులకు మదీనా, హైకోర్టు రోడ్డు వైపు పాత హోటళ్లలో బిర్యానీ దొరుకుతుంది. నిహారీ, పాయా మాత్రం పొద్దుటి వంటకాలు. మధ్యాహ్నం అడిగితే నిరాశే. పురానీ హవేలీ వైపు తందూరులో కాల్చే నలుచదరపు నాన్‌లు కొని పట్టుకెళ్లే అలవాటు ఊరివారికి ఉంది. శాకాహారులు చార్ కమాన్, ఘాన్సీ బజార్ చుట్టూ మార్వాడీల మిఠాయి, పూరీ దుకాణాల వైపు వెళ్లాలి. ఒక ప్లేటు బిర్యానీ ఇద్దరికి సరిపోతుందేమో అడిగి ఆర్డర్ ఇవ్వండి, చాలాచోట్ల సరిపోతుంది.

ఇంకా ఓపిక ఉంటే ఈ విరామం తరువాత పురానీ హవేలీలోని నిజాం మ్యూజియం చూడవచ్చు. ఆరో నిజాం దుస్తుల కోసం చేయించిన 176 అడుగుల పొడవున్న చెక్క బీరువా వరుస ఒక్కటి చాలు వెళ్లడానికి. ఒక గంట ఇస్తే చాలు.

8. లాడ్ బజార్‌లోకి వెనుకవైపునుంచి రండి

సమయం: సాయంత్రం నాలుగున్నర నుంచి ఏడున్నర.

అందరూ చార్మినార్ దగ్గర లాడ్ బజార్‌లోకి దిగి, మొదటి పది దుకాణాల దగ్గరే చిక్కుకుని, అక్కడే కొని తిరిగివస్తారు. మీరు చౌమహల్లా వైపునుంచి మోతీ గల్లీ గుండా ఉత్తరానికి నడవండి. మహబూబ్ చౌక్ దగ్గర తేలతారు. అక్కడ 1892 నాటి గడియార స్తంభం, చౌక్ మసీదు ఉన్నాయి. ఊరివారు ముర్గీ చౌక్ అని పిలిచే ప్రాంతం ఇదే. అక్కడినుంచి లాడ్ బజార్‌లో తూర్పుకు తిరిగితే, గాజుల దుకాణాల మధ్య నడుస్తున్నంతసేపూ మీ ఎదుట చార్మినార్ ఉంటుంది. దీపాలు వెలిగే వేళకు సరిగ్గా దాని కిందికి చేరతారు. దుకాణాలన్నీ ఒకసారి చూసి, ధరలు విని, నచ్చినచోటికి నాలుగు అడుగులు వెనక్కి వెళ్లి కొనే వీలు కూడా ఈ దారిలోనే ఉంది.

గాజులు కొనే పద్ధతి:

ఎ. కొలత ముందే తెలుసుకోండి. రెండు–నాలుగు, రెండు–ఆరు, రెండు–ఎనిమిది అని చెబుతారు. మొదటి అంకె అంగుళాలు, రెండోది అంగుళంలో పదహారో వంతులు. ఇంట్లోవారికి కొంటుంటే వారు వేసుకునే గాజు ఒకటి వెంట తీసుకెళ్లండి. ఫోన్‌లో అడిగి చెప్పే కొలతలు తరచూ తప్పుతాయి.

బి. లక్క గాజులు కావాలని విడిగా అడగండి. గాజువి, లోహానివి, ప్లాస్టిక్‌వి పక్కపక్కనే ఉంటాయి. లక్కను వేడిచేసి, వృత్తంగా చుట్టి, మెత్తగా ఉన్నప్పుడే రాళ్లు, అద్దాలు ఒకటొకటిగా పొదుగుతారు. చేత్తో పొదిగినదానిలో వరుస ఎక్కడో ఒకచోట కొద్దిగా తేడాగా ఉంటుంది. అచ్చుపోసినట్టు ఉంటే అనుమానించండి. హైదరాబాద్ లక్క గాజులకు 2024లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది.

సి. చేసే పద్ధతి చూడాలని అడిగితే కొన్ని దుకాణాల్లో పొయ్యి దగ్గరికి తీసుకెళ్లి చూపిస్తారు. చూసి ఏమీ కొనకుండా రావడం తప్పు కాదు, కానీ వ్యాపారం ముమ్మరంగా ఉన్న వేళలో అడగవద్దు.

డి. బేరంలో మొదటి ధర వినగానే సగానికి అడగడం అనే సూత్రం అన్నిచోట్లా పనిచేయదు. రెండు మూడు దుకాణాల్లో అదే రకానికి ధర విని, మధ్య ధర చెప్పండి. నాణ్యమైన రాళ్ల పని ఉన్న జతకు మరీ తగ్గించి అడిగితే దుకాణదారు మీకు అదే పెట్టెలోంచి తక్కువ రకం తీసి ఇవ్వవచ్చు.

ఇ. కొన్నాక ఎండలో, స్టవ్ పక్కన, వేడినీళ్లలో పెట్టకూడదు. లక్క మెత్తబడి రాళ్లు రాలుతాయి.

ముత్యాలకు వేరే జాగ్రత్త కావాలి. ఇప్పుడు అంగట్లో ఉన్నవాటిలో ఎక్కువ భాగం మంచినీటిలో పెంచిన ముత్యాలు. అది మోసం కాదు, కానీ సముద్రపు ముత్యాల ధర చెబితే మోసమే. రెండు ముత్యాలను మెల్లగా ఒకదానితో ఒకటి రుద్దితే అసలువి సన్నని ఇసుకలా గరుకుగా తగులుతాయి, గాజు ముత్యాలు నున్నగా జారతాయి. రకం, బరువు రాసిన బిల్లు లేకుండా కొనవద్దు. ఆటోవాలా తీసుకెళ్లే ముత్యాల దుకాణానికి అసలే వద్దు. అతని వాటా మీ ధరలో ఉంటుంది.

కొనుగోళ్లు ముగిశాక చార్మినార్ పక్కన ఇరానీ చాయ్, ఉస్మానియా బిస్కెట్. చాయ్ అక్కడ నిలబడే తాగాలి. కూర్చునే చోటు కోసం వెతికితే చల్లారిపోతుంది.

9. రెండో రోజు: గోల్కొండ, ఆ తరువాత కుతుబ్‌షాహీ సమాధులు

ఈ రెండింటినీ మొదటి రోజుకు అంటించవద్దు. చార్మినార్ నుంచి గోల్కొండ పది కిలోమీటర్ల దూరమే గానీ, పగటిపూట ఆ ట్రాఫిక్‌లో గంట పోతుంది. బసనుంచి నేరుగా, తొమ్మిదికల్లా కోట టికెట్ దగ్గర ఉండేలా బయలుదేరండి. మెహదీపట్నం దాకా బస్సులు విరివిగా ఉంటాయి, అక్కడినుంచి ఆటో తీసుకోవచ్చు.

ప్రవేశద్వారం గుమ్మటం కింద చప్పట్లు కొట్టి చూడటం అందరూ చేసేదే. దాని అసలు పని తెలియాలంటే జట్టులో ఒకరిని ముందుగా పైకి పంపి, ఫోన్‌లో సమయం చెప్పుకుని కొట్టండి. కొండ కొనన ఉన్న బాలాహిస్సార్ దగ్గర వినిపిస్తుంది. వందమంది ఒకేసారి కొడుతుంటే ఎవరి చప్పుడో తేలదు కనుక ఇదీ తొమ్మిదికే చేయవలసిన పని.

ఎక్కే వరుస:

- పైకి వెళ్లే మెట్లదారిలో తానాషా మంత్రులైన అక్కన్న, మాదన్నల కార్యాలయాలు చూసి, రామదాసు చెరసాల దగ్గర ఆగండి. కంచర్ల గోపన్న చెక్కాడని చెప్పే దేవతామూర్తులు లోపలి గోడ మీద ఉన్నాయి. చీకటికి కళ్లు అలవాటుపడేదాకా రెండు నిమిషాలు నిలబడితేనే కనిపిస్తాయి.
- అంబర్‌ఖానా (ధాన్యపు కొట్టు), చిన్న మసీదు, జగదాంబ ఆలయం దాటుకుంటూ పైనున్న బారాదరీ మండపం దాకా దాదాపు 360 మెట్లు. వయసు పైబడినవారు ప్రతి మలుపు దగ్గర కూర్చుంటూ ఎక్కినా గంటలోపే చేరతారు.
- దిగేటప్పుడు వచ్చిన దారిన కాకుండా, వెనుకవైపు దారిలో రాణి మహళ్లు, తారామతి మసీదు మీదుగా దిగండి. మెట్లు అక్కడక్కడ నిటారుగా ఉంటాయి. వానపడితే మాత్రం వచ్చిన దారినే దిగాలి.

పైకి ఎక్కి దిగడానికి రెండున్నర నుంచి మూడు గంటలు పడుతుంది. గైడ్‌ను తీసుకోదలిస్తే పురావస్తు శాఖ లేదా పర్యాటక శాఖ గుర్తింపు కార్డు చూసి, మొత్తం, సమయం, పైదాకా వస్తాడా రాడా అన్నది ముందే తేల్చుకోండి. చప్పట్ల దగ్గర కథ చెప్పి చెరసాల దగ్గర సెలవు తీసుకునేవారు కూడా ఉంటారు.

తిండి కోట బయటే. తరువాత కిలోమీటరున్నర దూరంలోని కుతుబ్‌షాహీ సమాధులకు ఆటోలో వెళ్లండి. వేళలు, సెలవు రోజు ముందు రోజే సరిచూసుకోండి. మధ్యాహ్నం రెండున్నర, మూడు తరువాత ఇక్కడికి రావడంలో ఒక ప్రయోజనం ఉంది: గుమ్మటాల లోపల చల్లగా ఉంటుంది, సాయంత్రపు ఏటవాలు వెలుగులో గచ్చు పనితనం స్పష్టంగా కనిపిస్తుంది. ముందు బడీ బావిని చూడండి. కూలిపోయిన భాగాన్ని తిరిగి కట్టి బాగుచేసిన ఈ బావితో పాటు ఇక్కడి మెట్ల బావులకు 2022లో యునెస్కో ఆసియా పసిఫిక్ పురస్కారం దక్కింది. తరువాత అరుగు మీద ఎత్తుగా నిలిచిన చార్మినార్ కట్టించిన మహమ్మద్ కులీ సమాధి, ఆపైన ఆయన కూతురు హయాత్ బక్షీ బేగం సమాధి. చివరి సుల్తాను తానాషా సమాధి కోసం ఇక్కడ వెతకవద్దు. ఆయనను ఔరంగాబాద్ దగ్గరి ఖుల్దాబాద్‌లో ఖననం చేశారు.

సాయంత్రం కోటలో ధ్వని, వెలుగుల ప్రదర్శన చూడదలచినవారు ఏ రోజు ఏ భాషలో ఉందో ముందుగా తెలుసుకుని, తెలుగు ప్రదర్శన ఉన్న రోజునే గోల్కొండకు పెట్టుకోవాలి. దోమల మందు రాసుకుని వెళ్లండి.

10. సాలార్‌జంగ్ మ్యూజియాన్ని ఎక్కడ ఇరికించాలి?

ఇరికించకూడదు. దాదాపు నలభై గ్యాలరీలున్న మ్యూజియానికి కనీసం మూడు గంటలు కావాలి. మొదటి రోజు మధ్యాహ్నం అలసిన కాళ్లతో వెళితే గడియారం, ముసుగు రెబెకా పాలరాతి శిల్పం తప్ప మరేదీ గుర్తుండదు. మూడో రోజు ఉదయం పదికి వెళ్లండి, లేదా మొదటి రోజు చౌమహల్లాను వదిలి దీన్ని పెట్టుకోండి.

లోపల వరుసను గడియారాన్ని బట్టి వేసుకోవాలి. సంగీత గడియారంలోంచి చిన్న బొమ్మ బయటికి వచ్చి గంట కొట్టేది గంటకొకసారే. పన్నెండుకు పన్నెండు కొడుతుంది కనుక జనమంతా అప్పుడే చేరతారు. పదకొండుకు వెళ్లి ముందు వరుసలో కూర్చోవడం నయం. అంతకుముందు ఇటలీ శిల్పి బెంజోనీ చెక్కిన ముసుగు రెబెకా, ఒకవైపు మెఫిస్టోఫిలిస్, వెనుక అద్దంలో మార్గరెట్ (ఇద్దరూ గోథే నాటకం ‘ఫౌస్ట్’లోని పాత్రలు) కనిపించే చెక్క శిల్పం చూడవచ్చు. తరువాత తూర్పు, పశ్చిమ భవనాల్లో ఏదో ఒకటి ఎంచుకోండి. రెండూ ఒకే రోజు పూర్తిగా చూడబోయేవారు రెండోదానిలో కూర్చునే బల్లల కోసమే వెతుకుతుంటారు.

11. తరచూ ఎదురయ్యే ఇబ్బందులు, సర్దుబాట్లు

చార్మినార్ పైకి క్యూ చాలా పొడవుగా ఉంది. వదిలేసి మక్కా మసీదుకు, చౌమహల్లాకు వెళ్లండి. నాలుగు తరువాత కొంత తగ్గితే మళ్లీ ప్రయత్నించండి. అయిదున్నరకు మూసేస్తారు కనుక అయిదుకు వస్తే లాభం లేదు.

ఆటోవాలా మీటరు వేయనంటున్నాడు. మొబైల్ యాప్‌లో ధర చూసి, అదే మొత్తం చెప్పండి. పాదచారుల ప్రాంతం లోపలికి రమ్మని అడగవద్దు. మదీనా లేదా శాలిబండ దగ్గర దిగడం ఇద్దరికీ సులువు.

గుంపులో ఎవరైనా తప్పిపోయారు. ముందే ఒక చోటు చెప్పుకుని ఉండాలి. చార్మినార్ కింద అని చెప్పుకోవద్దు, అందరూ అక్కడే చెప్పుకుంటారు. గుల్జార్ హౌజ్ ఫౌంటెన్ అయితే తేలిక.

భాష. దుకాణాల్లో దక్కనీ ఉర్దూ ఎక్కువ, కానీ తెలుగులో అడిగితే జవాబు తెలుగులోనే వస్తుంది చాలాచోట్ల. పెద్దవారిని చాచా, భాయ్ అని, మహిళలను ఆపా అని పిలిస్తే బేరం తగ్గకపోయినా మాట మెత్తబడుతుంది.

శౌచాలయం. చౌమహల్లా, సాలార్‌జంగ్, గోల్కొండ టికెట్ ఆవరణల్లో ఉన్నవాటిని వదులుకోవద్దు. లాడ్ బజార్‌లోకి దిగాక వెతకడం కష్టం.

12. ఒక్క రోజే ఉంటే

గోల్కొండ, సమాధులు వదిలేయండి. ఉదయం నయాపూల్ నడక, తొమ్మిదికి చార్మినార్, పదికి మక్కా మసీదు, పదకొండుకు చౌమహల్లా, భోజనం, రెండున్నర నుంచి నాలుగున్నర దాకా సాలార్‌జంగ్‌లో సెంట్రల్ భవనం మాత్రమే, ఆపైన ఆటోలో మోతీ గల్లీకి వచ్చి లాడ్ బజార్. రాత్రి బస్సు ఉన్నవారు ఎంజీబీఎస్‌కు బయలుదేరేముందు గంట సమయం చేతిలో ఉంచుకోవాలి. ఏడు దాటాక చార్మినార్ నుంచి అఫ్జల్‌గంజ్ దాకా ఆటో కన్నా నడకే ముందు చేరుస్తుంది.

పెద్దవారు, చంటిపిల్లలు వెంట ఉంటే చార్మినార్ మెట్లు, గోల్కొండ కొండ రెండూ మానేసి చౌమహల్లా, సాలార్‌జంగ్, కుతుబ్‌షాహీ సమాధులు పెట్టుకోండి. సమాధుల తోటలో దారులు చాలావరకు చదునుగా ఉంటాయి, చెట్ల నీడ ఉంది. ఇవన్నీ ఇదివరకే చూసినవారికి సంతోష్‌నగర్ దగ్గరి నిజాం కొలువులోని ‘పైగా’ వంశీకుల సమాధులు మిగిలే ఉంటాయి. గచ్చుతో చేసిన జాలీల పని అంత సన్నగా నగరంలో మరెక్కడా నేను చూడలేదు. ఇంటి నంబర్ల మధ్య సందులో ఉంది కనుక ఆటోవాలాకు పిసల్‌బండ అని చెప్పండి.